15 వేల సంతకాలు ఎవరు లెక్కపెట్టాలి?



పోయిన నెల ఒక తమ్ముడు మమ్మల్ని ఒక మాట అడిగాడు. "అన్నా, ఊరంతా తిరిగి సంతకాలు పెట్టించాం. ఆఫీసుకెళ్ళి అర్జీ ఇచ్చాం. తీసుకున్నారు, ముద్ర వేసి రసీదు ఇచ్చారు, అంతే. ఇలాంటి కాగితాలతో చరిత్రలో ఎప్పుడైనా ఏమైనా జరిగిందా?" అని. ఆ రోజు మా హాస్టల్లో ఎవరమూ సరైన జవాబు చెప్పలేకపోయాం. మా అమ్మానాన్నలు వేలిముద్ర వేసినవాళ్ళు. మా ఇళ్ళల్లో సంతకం పెట్టడం నేర్చుకున్న మొదటి తరం మేమే. అందుకే ఆ ప్రశ్న మాకు గట్టిగా తగిలింది. దొరికింది దొరికినట్టు చదివాం. చదివిన వాటిలో మమ్మల్ని వదలని చరిత్ర ఒకటుంది. అది మన దేశానిది కాదు, అమెరికాది. కానీ చదువుతుంటే పక్క ఊరి సంగతి లాగే ఉంటుంది. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

జార్జియా, టెన్నెసీ, అలబామా, నార్త్ కరోలినా రాష్ట్రాలు కలిసే కొండ ప్రాంతం చెరోకీ అనే ఆదివాసీ జాతి సొంత నేల. తెల్లవాళ్ళు రాకముందు నుంచీ వాళ్ళు అక్కడే ఉన్నారు. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుకునేవాళ్ళు. 1821 ప్రాంతంలో సికోయా అనే చెరోకీ మనిషి తన భాషకి లిపి తయారుచేశాడు. ఆయనకి ఇంగ్లీషు చదవడం రాదు. మన గుణింతం లాగా ఒక్కో పలుకుకి ఒక్కో గుర్తు, మొత్తం 85 దాకా. కొన్నేళ్ళలోనే వేల మంది చదవడం, రాయడం నేర్చేసుకున్నారు. (మన సవర భాషకి 1936లో మంగేయి గొమాంగో లిపి చేసిన సంగతి గుర్తొస్తుంది కదా.) 1827లో చెరోకీలు తమకంటూ ఒక రాజ్యాంగం రాసుకున్నారు. 1828 ఫిబ్రవరిలో 'చెరోకీ ఫీనిక్స్' అనే పత్రిక పెట్టారు. అది చెరోకీలోను, ఇంగ్లీషులోను వచ్చేది. దానికి ఎడిటర్ ఎలియాస్ బౌడినో. అదే సంవత్సరం జాన్ రాస్‌ని ప్రధాన నాయకుడిగా ఎన్నుకున్నారు. ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాయి.

చరిత్ర రాసేటప్పుడు మనకి నచ్చనిది కూడా చెప్పాలి. చెరోకీల్లో డబ్బున్న కొన్ని కుటుంబాలు నల్లజాతి మనుషుల్ని బానిసలుగా ఉంచుకున్నాయి. 1835 లెక్కల్లో అలాంటివాళ్ళు 1,600 మంది దాకా ఉన్నారు. వాళ్ళ సంతకం ఎవరూ అడగలేదు.

ఇక గొడవ ఎక్కడ మొదలైందంటే, 1802లోనే అమెరికా కేంద్ర ప్రభుత్వం జార్జియా రాష్ట్రానికి ఒక మాట ఇచ్చింది. జార్జియా పడమటి భూముల్ని కేంద్రానికి వదులుకుంటే, బదులుగా ఆ రాష్ట్రంలో ఆదివాసీలకున్న భూమి హక్కుని మెల్లగా తీసేస్తామని. చెరోకీలతో చేసుకున్న ఒప్పందాల్లో మాత్రం ఈ భూమి మీదే అని రాసింది. ఒకే భూమి మీద ఇద్దరికి మాట. 1828-29ల్లో చెరోకీ నేలలో బంగారం బయటపడింది. ఇంకేముంది, జనం ఎగబడ్డారు. చెరోకీల మీద తమ చట్టాలే నడుస్తాయని, వాళ్ళ ప్రభుత్వం చెల్లదని జార్జియా చట్టాలు చేసింది. తెల్లవాడి మీద కేసులో చెరోకీ సాక్ష్యం చెల్లదని కూడా రాసింది. అంటే మన ఇంట్లో దొంగ పడితే, ఆ దొంగని చూశానని మనం చెప్పడానికి లేదు.

సరిగ్గా అప్పుడే, 1829 మార్చిలో, ఆండ్రూ జాక్సన్ అమెరికా అధ్యక్షుడయ్యాడు. 1814లో ఈ జాక్సన్ సైన్యాధికారిగా క్రీకుల మీద యుద్ధం చేస్తే, ఆయన పక్కన వందలమంది చెరోకీలు పోరాడారు. మేజర్ రిడ్జ్ అనే చెరోకీ నాయకుడికి ఆ 'మేజర్' ఆ యుద్ధంలో వచ్చిందే. ఆ జాక్సనే 1829 డిసెంబరులో కాంగ్రెస్‌కి పంపిన సందేశంలో ఆదివాసీల్ని మిసిసిపి నది అవతలికి పంపడానికి చట్టం కావాలని అడిగాడు. (కాంగ్రెస్ అంటే అక్కడి పార్లమెంటు, మన పార్టీ అనుకోవద్దు.)

ఇక్కడి నుంచే అర్జీల కథ.

అమెరికా రాజ్యాంగానికి 1791లో వచ్చిన మొదటి సవరణలోనే ప్రభుత్వానికి అర్జీ పెట్టుకునే హక్కు ఉంది. జాక్సన్ ప్రతిపాదన బయటికి రాగానే ఆ హక్కుని వాడుకున్నవాళ్ళలో ఓటు హక్కే లేనివాళ్ళు ఉన్నారు. కేథరిన్ బీచర్ అనే టీచరమ్మ 1829 చివర్లో పేరు లేకుండా ఒక కరపత్రం వేసింది. ఆడవాళ్ళంతా కాంగ్రెస్‌కి రాయండి, ఆదివాసీల్ని వెళ్ళగొట్టొద్దని అడగండి అని. అమెరికాలో ఆడవాళ్ళు దేశమంతటా కలిసి ఒక రాజకీయ విషయం మీద అర్జీలు పెట్టడం అదే మొదటిసారి. ఒహాయోలో స్టూబెన్‌విల్ అనే ఊరి నుంచి 60 మందికి పైగా ఆడవాళ్ళు సంతకాలు చేసి పంపారు. ఇలాంటివి చాలా ఊళ్ళ నుంచి వచ్చాయి. ఆడవాళ్ళకి రాజకీయాలెందుకని వెక్కిరించినవాళ్ళూ ఉన్నారు.

చెరోకీ ఆడవాళ్ళు అంతకన్నా ముందే ఈ పని చేశారు. 1817లోనే నాన్యెహి అనే పెద్దావిడ, ఇంకొంతమంది ఆడవాళ్ళు కలిసి తమ సొంత కౌన్సిల్‌కి ఒక విన్నపం పంపారు. ఇంకా భూమి ఇవ్వొద్దు, పిల్లలకి ఉంచండి అని. అర్జీ అంటే ఎప్పుడూ పైవాడికే కాదు, మనవాళ్ళకి కూడా పెట్టాల్సి వస్తుందన్నమాట.

బిల్లు మీద సెనేట్‌లో ఫ్రెలింగ్‌హైసెన్ అనే సభ్యుడు మూడు రోజుల్లో మొత్తం ఆరు గంటలు దానికి వ్యతిరేకంగా మాట్లాడాడు. సెనేట్ 28-19తో ఆమోదించింది. కింది సభలో ఓట్లు 102-97. ఐదే ఐదు ఓట్ల తేడా! జాక్సన్ సొంత రాష్ట్రం టెన్నెసీ నుంచి వచ్చిన డేవీ క్రాకెట్ కూడా వ్యతిరేకంగా వేశాడు, తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయాడు. 1830 మే 28న జాక్సన్ సంతకంతో అది చట్టమైంది. అర్జీలు ఓడిపోయాయి. కానీ ఐదు ఓట్ల దాకా తెచ్చాయి. ఇది మర్చిపోవద్దు.

ఆ చట్టంలో ఏముందో జాగ్రత్తగా చూడాలి. ఆదివాసీల్ని బలవంతంగా తరిమేయమని అందులో లేదు. ఇక్కడి భూమికి బదులు పడమట భూమి ఇచ్చి మార్పిడి చేసుకునే అధికారం అధ్యక్షుడికి ఇస్తున్నాం అని ఉంది. అంటే కాగితం మీద అది ఇష్టపూర్వకం. మరి ఇష్టం లేనివాళ్ళతో ఇష్టపూర్వకంగా ఎలా చేయించాలి? అధ్యక్షుడి చేతిలో ఉన్న అధికారం ఎలా పనిచేస్తుందో ఇక్కడ కనిపిస్తుంది. ఒక్కోసారి ఏమీ చెయ్యకపోవడం కూడా అధికారమే. ఆదివాసీ భూముల్లోకి చొరబడేవాళ్ళని తీసేయడానికి 1802 నాటి చట్టం ఉంది. జాక్సన్ జార్జియా మీద దాన్ని వాడలేదు. ఒప్పందాల ప్రకారం చెరోకీ ప్రభుత్వానికి ఏటా రావాల్సిన డబ్బుని, 1830లో మనిషికింత అని విడగొట్టి ఇస్తామన్నారు. మామూలుగా చూస్తే న్యాయంగానే కనిపిస్తుంది. కానీ దాంతో లాయర్లకి ఇవ్వడానికి చెరోకీ ఖజానాలో డబ్బు లేకుండా పోయింది.

అయినా చెరోకీలు కోర్టుకెళ్ళారు. 1832 మార్చిలో వూస్టర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. చెరోకీ నేల మీద జార్జియా చట్టాలు చెల్లవు అని. గెలిచారు! ఐతే తీర్పుని నడిపించాల్సిన చెయ్యి ప్రభుత్వానిది. ఆ చెయ్యి కదల్లేదు. జార్జియా చట్టం కింద జైలుకెళ్ళిన మిషనరీ వూస్టర్, తీర్పు తన పక్షానే వచ్చినా 1833 జనవరి దాకా జైల్లోనే ఉన్నాడు. అటు జార్జియా చెరోకీల భూముల్ని లాటరీ వేసి తెల్లవాళ్ళకి పంచేసింది. 1835లో వాషింగ్టన్ నుంచి ఇంటికొచ్చిన జాన్ రాస్‌కి తన ఇంట్లో వేరేవాళ్ళు కాపురం ఉండటం కనిపించింది.

ఇప్పుడు బౌడినో సంగతి. తీర్పు గెలిచినా ఏమీ మారకపోవడం చూసి ఆయన మనసు మారింది. ఇక్కడే ఉంటే నాశనమైపోతాం, వెళ్ళిపోవడమే మేలు అని అనుకున్నాడు. మేజర్ రిడ్జ్, ఆయన కొడుకు జాన్ రిడ్జ్‌ది కూడా అదే ఆలోచన. ఈ మాట పత్రికలో రాస్తానంటే రాస్ ఒప్పుకోలేదు. 1832లో బౌడినో ఎడిటర్ పని మానేశాడు. వీళ్ళని డబ్బుకి అమ్ముడుపోయిన ద్రోహులని ఒక్క మాటలో తీసిపారేయడం తేలిక. మేమూ మొదట అలాగే అనుకున్నాం. కానీ వేరే మాట చెప్పడానికి సొంత పత్రికలో చోటు దొరకనివాళ్ళు చివరికి చీకట్లో సంతకం పెట్టేదాకా వెళ్ళారు. ఇదీ మనం ఆలోచించాల్సిన సంగతే.

1835 డిసెంబరు 29న న్యూ ఎచోటాలో ఒప్పందం జరిగింది. రాస్ లేడు, చెరోకీ కౌన్సిల్ లేదు. కొన్ని వందల మంది వచ్చారు, 20 మంది దాకా సంతకం పెట్టారు. తూర్పున ఉన్న భూమి అంతా 50 లక్షల డాలర్లకి ఇచ్చేసి, రెండేళ్ళలో వెళ్ళిపోవాలి. అప్పుడు తూర్పున ఉన్న చెరోకీ జనాభా 16,500 దాకా. చెరోకీ చట్టం ప్రకారం కౌన్సిల్ ఒప్పుకోకుండా భూమి అమ్మితే మరణశిక్ష. 16,500 మంది భూమిని 20 మంది సంతకంతో తీసుకున్నారు.

అది చెల్లదని చెప్పింది చెరోకీలు ఒక్కళ్ళే కాదు. వెళ్ళేవాళ్ళ పేర్లు నమోదు చెయ్యడానికి ప్రభుత్వమే పంపిన మేజర్ డేవిస్, 1836 మార్చిలో యుద్ధశాఖ మంత్రికి ఉత్తరం రాశాడు. దీన్ని ఒప్పందం అనడానికి లేదు, జనంలో ఎక్కువమంది దీనికి ఒప్పుకోలేదు అని. సొంత ఉద్యోగి మాటనే పక్కనపెట్టేశారు. సెనేట్‌లో ఒప్పందానికి మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. 31-15తో పాసైంది. ఒక్క ఓటు తగ్గినా పడిపోయేది. 1836 మే 23న జాక్సన్ దాన్ని అమల్లోకి తెచ్చాడు.

అప్పుడు రాస్, ఆయన మనుషులు మహజరు పట్టుకుని బయల్దేరారు. కొండకొండకీ, ఊరూరికీ. 1838 వసంతంలో వాషింగ్టన్‌కి చేరిన ఆ అర్జీ మీద 15,000కు పైగా పేర్లు ఉన్నాయి. జనాభా 16,500 దాకా అని పైన చెప్పాం కదా. ఇక లెక్క మీరే వేసుకోండి. ఇంచుమించు ఒక జాతి మొత్తం "మేము ఒప్పుకోలేదు" అని రాసి పంపింది. వాళ్ళు అమెరికా పౌరులు కూడా కాదు. అక్కడి ఆదివాసీలందరికీ పౌరసత్వం వచ్చింది 1924లో. ఐనా రాశారు. అప్పటికి జాక్సన్ దిగిపోయి వాన్ బ్యూరెన్ అధ్యక్షుడయ్యాడు. పేరున్న రచయిత ఎమర్సన్ కూడా ఏప్రిల్‌లో ఆయనకి బహిరంగ లేఖ రాశాడు, ఈ అన్యాయం ఆపండని. ఎన్నో తెల్లవాళ్ళ ఊళ్ళ నుంచి కూడా అర్జీలు వెళ్ళాయి.

సెనేట్ చెరోకీల అర్జీ తీసుకుంది, పక్కన పెట్టేసింది. మన తమ్ముడు చెప్పినట్టే. తీసుకున్నారు, అంతే.

1838 మే చివర్లో జనరల్ స్కాట్ కింద సుమారు 7,000 మంది సైనికులు దిగారు. పొలాల్లో ఉన్నవాళ్ళని పొలాల్లోనే, ఇళ్ళల్లో ఉన్నవాళ్ళని ఇళ్ళల్లోనే పట్టుకుని దుంగల దడుల మధ్య నిలిపారు. ఎండాకాలం, రోగాలు. తర్వాత ఇంచుమించు 1,600 కిలోమీటర్ల దారి, చాలామందికి నడకే, చలికాలంలో. ఆ దడుల్లో, ఆ దారిలో చనిపోయినవాళ్ళు 4,000 మంది దాకా అని అంచనా. రాస్ భార్య క్వాటీ కూడా దారిలోనే పోయింది. చరిత్ర దాన్ని కన్నీటి దారి అంటుంది. 1839 జూన్ 22న, కొత్త నేల మీద, రిడ్జ్ తండ్రీకొడుకుల్ని, బౌడినోని చెరోకీలే చంపేశారు. సంతకం అక్కడిదాకా వెంటాడింది.

మరి ఆ 15,000 పేర్లు వృథాయేనా? మా రూములో ఈ మాట మీద రాత్రి రెండింటిదాకా వాదించుకున్నాం. ఒకడు, ఆపలేని కాగితం ఎందుకురా అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది, దాచలేం. చనిపోయినవాళ్ళని ఏ కాగితమూ తిరిగి తేలేదు.

కానీ ఒక్క సంగతి చూడండి. ప్రభుత్వం చేతిలో ఉన్న కాగితం "చెరోకీలు ఒప్పుకున్నారు" అంటుంది. 15,000 పేర్ల కాగితం లేకపోతే ఈ రోజు చరిత్ర పుస్తకంలో అదే ఉండేది. ఒప్పుకుని, డబ్బు తీసుకుని, వెళ్ళారు అని. ఆ మహజరు ఆ అబద్ధాన్ని నిలబడనివ్వలేదు. రెండోది, ఆ దేశంలో ఆడవాళ్ళు అర్జీ పెట్టడం అక్కడ నేర్చుకుని, తర్వాత బానిసత్వానికి వ్యతిరేకంగా వేల అర్జీలు పంపారు. ఎన్ని వచ్చాయంటే, ఆ అర్జీల్ని చర్చకే తీసుకోకూడదని కింది సభ 1836లో నియమం పెట్టుకుంది. 1844లో దాన్ని తీసేయాల్సి వచ్చింది. మూడోది ఇంకా విచిత్రం. ఆ దొంగ ఒప్పందంలోనే, చెరోకీలకి కింది సభలో ఒక ప్రతినిధి ఉండొచ్చని ఒక మాట ఉంది. 2019లో చెరోకీ నేషన్ ఆ మాట పట్టుకుని తమ ప్రతినిధిగా కిమ్ టీహీ అనే మహిళ పేరు ప్రకటించింది. సభ ఇంకా కూర్చోబెట్టలేదు, వాళ్ళు అడగడం మానలేదు. ఈ రోజు ఆ నేషన్‌లో 4 లక్షలకు పైగా సభ్యులున్నారు. అమెరికాలోనే పెద్ద ఆదివాసీ జాతుల్లో అదొకటి.

ఇప్పుడు మన సంగతి. మన రాష్ట్రపతి అమెరికా అధ్యక్షుడి లాగా సొంతంగా నిర్ణయాలు తీసుకోరు, కేంద్ర మంత్రివర్గం సలహా మీద సంతకం పెడతారు. ఐనా మన బతుకు మీద ఆ సంతకం బరువు చిన్నది కాదు. ఏ ఊరు షెడ్యూల్డ్ ప్రాంతంలోకి వస్తుందో ఐదో షెడ్యూల్ 6వ పేరా ప్రకారం రాష్ట్రపతి ఉత్తర్వే చెప్పాలి. 2014 మే చివర్లో, తెలంగాణ ఏర్పడటానికి కొద్దిరోజుల ముందు, పోలవరం ముంపు మండలాల్ని ఆంధ్రప్రదేశ్‌లో కలుపుతూ ఆర్డినెన్స్ వచ్చింది కదా. కోయ, కొండరెడ్డి ఊళ్ళు రాత్రికి రాత్రి వేరే రాష్ట్రంలో తేలాయి. రాష్ట్రాల సరిహద్దు మార్చేటప్పుడు శాసనసభ అభిప్రాయం అడగాలని 3వ అధికరణంలో ఉంది, గ్రామసభని అడగాలని లేదు.

కానీ చెరోకీలకి లేనిది ఒకటి మనకుంది. వాళ్ళ 15,000 పేర్లని లెక్కపెట్టాలని ఏ చట్టమూ సెనేట్‌ని కట్టడి చెయ్యలేదు. మనకి 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభని లెక్కలోకి తెచ్చాయి. నియమగిరి చూడండి. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, బాక్సైట్ తవ్వకం సంగతి గ్రామసభల ముందు పెట్టమంది, జిల్లా జడ్జిని పరిశీలకుడిగా ఉంచమంది. 12 గ్రామసభలు జరిగాయి. 12కి 12 వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. డోంగ్రియా కొంధులు చెరోకీల కన్నా ధైర్యవంతులనో, తెలివైనవాళ్ళనో కాదు. వాళ్ళ మాట లెక్కపెట్టక తప్పని చోట చెప్పగలిగారు.

అందుకే అసలు దొంగతనం ఇప్పుడు గ్రామసభ రిజిస్టర్లో జరుగుతుంది. సభ ఎప్పుడు పెట్టారో తెలీదు, తీర్మానం మాత్రం ఉంటుంది. ఇంకో పని కోసం పెట్టించుకున్న సంతకాలు తీర్మానం కింద తేలతాయి. చనిపోయిన తాత వేలిముద్ర కూడా ఉంటుంది. అది మన న్యూ ఎచోటా. అక్కడ 20 మంది, ఇక్కడ ఒక్కోసారి అంత కూడా ఉండరు.

కాబట్టి ఊళ్ళో చదువుకున్నవాళ్ళం మనం చెయ్యాల్సిన పని పెద్దదేమీ కాదు. తీర్మానాన్ని సంతకం పెట్టకముందు మన భాషలో గట్టిగా చదివి వినిపిద్దాం. కాగితం మీద తేదీ, వచ్చినవాళ్ళ సంఖ్య రాయిద్దాం. ఒక కాపీ ఊళ్ళో ఉంచుదాం. తప్పుడు తీర్మానం అనిపిస్తే, మేము ఒప్పుకోలేదని అందరి పేర్లతో వెంటనే రాసి, రసీదు తీసుకుందాం. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, కేంద్రంలోగాని రాష్ట్రంలోగాని వాడే ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చు. ఇంగ్లీషు రాదని ఆగక్కర్లేదు. ఇంకోటి, సభలో మనకి నచ్చని మాట చెప్పేవాడిని కూడా చివరిదాకా మాట్లాడనిద్దాం. పగలు అందరి ముందు చెప్పే అవకాశం ఉంటే, రాత్రిపూట ఎవరింట్లోనో సంతకం పెట్టాల్సిన పని రాదు.

తమ్ముడూ, నీ ప్రశ్నకి మాకు దొరికిన జవాబు ఇదే. అర్జీ ఒక్కటే ఎవరినీ ఆపకపోవచ్చు. కానీ అది లేకపోతే, మనం ఒప్పుకున్నామని వాళ్ళు రాసిందే మిగుల్తుంది. ఆ రసీదు పారెయ్యకు. మీ ఊరి గ్రామసభ రిజిస్టర్‌లో ఏం రాసుందో ఈ సెలవుల్లో వెళ్ళి అడిగి చూడు. మేము కూడా మా ఊళ్ళల్లో అడుగుతాం. ఎవరికి ఏం కనిపించిందో పండక్కి కలిసినప్పుడు చెప్పుకుందాం.

జోహార్.